పూచీ ఎవరిది?

ఊళ్లో ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే, బేగం బజార్లో గిన్నెల దుకాణంలో అని చెప్తాను. అబద్ధం కాదు. కాకపోతే నేను గిన్నెలు తూచను, బిల్లు కొట్టను, గోడౌన్ తాళాలు నా దగ్గరుండవు. మెట్ల కింద, స్టీలు డబ్బాల దొంతరల పక్కన నాకో చిన్న టేబులు, దాని మీద ల్యాప్‌టాప్. ఎవరైనా ఫోనులో "రిటర్న్ గిఫ్ట్స్ బేగం బజార్" అనో "ఇత్తడి దీపాలు హోల్‌సేల్" అనో కొడితే మా దుకాణం పేరు పైన కనబడాలి. అందుకే నాకు జీతం. సేట్ వాళ్ల తాత కాలంలో అయితే పెయింటర్‌ని పిలిచి పెద్ద బోర్డు రాయించేవారట. ఇప్పుడు నేను.

ఈ పనిలో అన్నిటికంటే విలువైనది లింకు. ఒక వెబ్‌సైటు ఇంకో వెబ్‌సైటుని చూపించడం, అంతే. కానీ గూగుల్ ఈ చిన్న సంగతి మీదే లేచింది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం రాశారు. పండితులు తమ వ్యాసాల్లో వేరేవాళ్ల వ్యాసాలను ప్రస్తావిస్తారు కదా, ఎక్కువమంది ప్రస్తావించినదానికి విలువ ఎక్కువ అనుకుంటాం కదా, ఇంటర్నెట్‌లో లింకుని కూడా అలాగే లెక్కపెడదాం అన్నారు. పైగా అందరి మాటకీ ఒకే విలువ ఇవ్వలేదు. పదిమంది మెచ్చినవాడు ఇంకొకణ్ణి మెచ్చుకుంటే ఆ మాట బరువు వేరు. మన ఊళ్లలో పెళ్లిసంబంధం గురించి వాకబు చేసేటప్పుడు వేసే లెక్క ఇదే.

లెక్క బాగానే పనిచేసింది, తమ లింకులను ఎవరో లెక్కపెడుతున్నారని జనానికి తెలియనంతకాలం. తెలిశాక లింకులకే ఒక బజారు మొదలైంది. ఇవాళ నాకు వారానికి నాలుగైదు మెయిళ్లొస్తాయి: మా దగ్గర ఇన్ని వందల సైట్లున్నాయి, ఒక్కో లింకుకి రేటు ఇంత, ఎక్కువ తీసుకుంటే తగ్గిస్తాం అని. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాల లెక్కన ఉల్లిగడ్డ అమ్మేవాడు కూడా ముందు సరుకు చూడమంటాడు. వీళ్లు అదీ చెయ్యరు.

పోయిన ఏడాది దసరా ముందు, మాకు నాలుగు దుకాణాల అవతలున్న ఇంకో గిన్నెల దుకాణం ఎక్కడో మూడో పేజీలోంచి లేచి మా పైకొచ్చి కూర్చుంది. మాకు ఫోన్లు తగ్గాయి. పెళ్లిళ్ల సీజను ఆర్డర్లు కొన్ని అటు వెళ్లాయి. ఇలాంటప్పుడు నేను చేసే మొదటి పని, వాళ్లకు లింకులు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడటం. దానికి టూల్స్ ఉన్నాయి. జాబితా తెరిస్తే అప్పులిచ్చే యాప్‌ల సైట్లు, ఏదో దేశంలో పళ్ల డాక్టరు సైటు, రమ్మీ సైట్లు. రోజూ చూసేవే. వాటి మధ్య ఒక తెలుగు పేరు కనబడింది.

అదొక కవితల బ్లాగు. అంటే, ఒకప్పుడు. ఇప్పుడు ఆ చిరునామా కొడితే ఇంగ్లీషులో ఎవరూ రాయనట్టుండే వ్యాసాలొస్తాయి: బీమా, బట్టతల, వంటింటి చిట్కాలు. వంటింటి చిట్కాల మధ్యలో 'హైదరాబాద్‌లో ఇత్తడి సామాను' అన్న మాటల కింద మా పక్కవాళ్ల లింకు. వేబ్యాక్ మెషిన్‌లో పాత పేజీలు తీసి చూశాను. 2009 నుంచి అయిదేళ్ల పాటు ఒకావిడ అక్కడ రాసుకున్నారు. గొప్ప కవిత్వం అనను. వాన మీద నాలుగైదు ఉన్నాయి, అందరూ రాసేలాంటివే. అమ్మేసిన బర్రె మీద ఒకటి, అద్దె ఇళ్లు మారుతున్నప్పుడు గోడకి మిగిలిపోయే మేకుల మీద ఒకటి మాత్రం చాలా బాగున్నాయి. కింద వ్యాఖ్యలు: బాగుందండీ, మా ఊరు గుర్తొచ్చిందండీ. కుడిపక్క "నేను చదివే బ్లాగులు" అని ఒక పట్టిక. కూడలి, మాలిక చూస్తూ పెరిగినవాళ్లకి ఆ పట్టిక గుర్తుంటుంది. నువ్వు నా పేరు పెట్టావు కాబట్టి నేను నీ పేరు పెడతాను అనే మొహమాటం అందులో కొంత ఉండేదేమో గానీ, డబ్బు ప్రసక్తి లేదు. ఆవిడ పేరు కూడా అలా పదకొండు బ్లాగుల పక్కపట్టీల్లో ఉంది.

తర్వాత జరిగినది ఊహించడం కష్టం కాదు. ఆవిడ రాయడం మానేశారు. ఏటా కట్టాల్సిన డొమైన్ రుసుము కట్టలేదు. గడువు తీరిన పేరుని ఎవరో కొనుక్కున్నారు. కొన్నవాడికి బర్రె మీద కవితతో పనిలేదు, కావలసింది ఆ పదకొండు పేర్లు. స్నేహితులు ఇష్టంతో పెట్టిన లింకుల బరువు ఇంకా ఆ చిరునామా మీదే ఉంది కదా. ఇది ఎంత మామూలు వ్యాపారం అంటే, గూగుల్ 2024 మార్చిలో గడువు తీరిన డొమైన్లను ఇలా వాడుకోవడాన్ని విడిగా పేరుపెట్టి మరీ స్పామ్ నియమాల్లో చేర్చింది.

నా పనిలో దొంగ లింకులు చూసి కోపం తెచ్చుకుంటే రోజు గడవదు. దీనికి మాత్రం వచ్చింది. ఎందుకొచ్చిందో అర్థం కావడానికి నాకు బేగం బజార్ పాత సంగతులే పనికొచ్చాయి.

రెండో నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలం కాబట్టి దీనికా పేరు అంటారు. 19వ శతాబ్దంలో నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చిన పెద్ద సాహుకార్లలో చాలామంది ఉండింది ఇక్కడా, కార్వాన్‌లోనూ. మార్వాడీలు, గుజరాతీలు, మఠాలున్న గోసాయిలు. వాళ్ల వ్యాపారమంతా హుండీల మీద నడిచేది. ఒక ఊరి సాహుకారు రాసిచ్చిన కాగితానికి ఇంకో ఊరి సాహుకారు డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. అందులో షాజోగ్ హుండీ అని ఒక రకం. దాన్ని పట్టుకొచ్చిన ప్రతివాడికీ డబ్బు ఇవ్వరు. బజారులో పేరున్న షా ఒకాయన చేతుల మీదుగా వస్తేనే ఇస్తారు. దారిలో ఎక్కడో పడిపోయినా, దొంగ ఎత్తుకుపోయినా, ముక్కూమొహం తెలియనివాడు దాన్ని మార్చుకోలేడు. ఎందుకంటే తేడా వస్తే ఆ డబ్బు తిరిగి కట్టాల్సింది ఆ షాయే. హుండీతో పాటు ఒక్కోసారి జిక్రీ చిట్టీ అని ఇంకో కాగితం కూడా ఉండేది: ఒకవేళ ఫలానావాడు డబ్బు ఇవ్వకపోతే ఈయన దగ్గరికి వెళ్లండి, ఈయన పరువు నిలబెడతాడు అని.

దీనికి మనకి మంచి మాట ఉంది, పూచీ. మెచ్చుకోవడం వేరు, పూచీ పడటం వేరు. పూచీ పడ్డవాడు తన జేబులోంచో తన పేరులోంచో కొంత తాకట్టు పెడతాడు. 1998 నాటి ఆ పత్రం నమ్ముకున్నది నిజానికి పూచీనే. అయితే దాన్ని లెక్కపెట్టగలిగింది గానీ ఎవరిదో అడగలేకపోయింది. ఆ పదకొండుమంది తమ పక్కపట్టీలో ఆవిడ పేరు రాసినప్పుడు ఆవిడకి మాత్రమే పూచీ పడ్డారు. ఆవిడ పోగొట్టుకున్న ఆ కాగితాన్ని ముక్కూమొహం తెలియనివాడు తీసుకెళ్లి మార్చుకున్నాడు. అడ్డుకోవడానికి మధ్యలో ఏ షా లేడు.

సేట్‌కి ఇదంతా చెప్పలేదు. ఆయన అడిగింది వేరే.

"వాడు ఎట్లొచ్చిండు పైకి?"

చెప్పాను.

"పైసలెంతైతయ్?"

చెప్పాను.

"గంతేనా? మరి మనం గూడ తీస్కుందాం గదా బేటా. వాడు తీస్కుంటే నడుస్తది, మనం తీస్కుంటే నడ్వదా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. భారతంలో గదాయుద్ధం దగ్గర వచ్చే ప్రశ్నే ఇది. భీముడు నడుము కింద కొట్టాడు. బలరాముడు నాగలి ఎత్తి మీదికొచ్చాడు. కృష్ణుడు పట్టుకుని ఆపి, భీముడి ప్రతిజ్ఞ గురించీ దుర్యోధనుడి పాపాల గురించీ చెప్పాడు. బలరాముడు ఒప్పుకోలేదు, రథమెక్కి ద్వారకకి వెళ్లిపోయాడు. పడిపోయిన దుర్యోధనుడు భీష్ముడి దగ్గర్నుంచి జరిగిన మోసాలన్నీ వరసగా ఏకరువు పెడతాడు, ఆకాశం నుంచి అతని మీద పూలు పడతాయి. పాండవులు సిగ్గుపడతారు. అప్పుడు కృష్ణుడు వాళ్లతో, న్యాయంగా అయితే వీళ్లని గెలవడం మీవల్ల అయ్యేది కాదు అంటాడు. మా సేట్ అన్నది అదే. మన సినిమాలు ఆ పూలవాన ఎందుకు వదిలేస్తాయో నాకు ఎప్పుడూ అనుమానమే. పక్షం ఏదో తేలిపోయాక కూడా కొట్టిన దెబ్బ తప్పుగానే మిగిలిపోవడం ఆ కథలో నాకు నచ్చే సంగతి.

అయితే బలరాముడికి ద్వారక ఉంది. నాకు నెల జీతం ఉంది, అది సేట్ ఇచ్చేది. నేను పవిత్రంగా కూర్చుంటే ఖర్చు పడేది ఆయన ఖాతాలో. దుకాణంలో పనివాళ్లు తొమ్మిదిమంది, హమాలీలు వేరే. ఆర్డర్లు తగ్గితే ముందు మానిపించేది నన్ను కాదు, మూటలు కట్టే కుర్రాణ్ణి. ఇంకొకరి సొమ్ముతో నిజాయితీగా ఉండటం ఎంత సులువో నీతి గురించి రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోరనిపిస్తుంది. జీతగాళ్ల నీతి ఎప్పుడూ ఈ మెలికలో ఉంటుంది. గుమస్తా, డ్రైవరు, అకౌంటెంటు, అందరిదీ ఇదే తిప్పలు.

నా వృత్తిలో ఇలాంటప్పుడు చెప్పే జవాబు ఒకటుంది. పట్టుబడతాం సార్, అని. దానికి ఉదాహరణలు బోలెడు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ మీద న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ సీగల్ రాసిన కథనం ప్రసిద్ధం. గౌన్ల నుంచి పరుపుల దాకా ఏది వెతికినా ఆ పండగ సీజన్లో వాళ్లే పైన. చూస్తే ఏ సంబంధమూ లేని వేల పేజీల నుంచి లింకులు. పత్రిక అడిగాక గూగుల్ చర్య తీసుకుంది. ఒక రకం సూట్‌కేసుల వెతుకులాటలో సాయంత్రం 7 గంటలకు ఒకటో స్థానంలో ఉన్న సంస్థ 9 గంటలకు 71లో ఉంది. మాకేమీ తెలియదని చెప్పి, వాళ్లు తమ సెర్చ్ పనులు చూసే ఏజెన్సీని తీసేశారు.

సేట్‌కి ఈ కథ చెప్తే భయపడి ఊరుకుంటాడు. కానీ పట్టుబడతామనే వాదన నాకు నచ్చదు. అది నీతి కాదు, వాతావరణ సూచన. వాన రాదని తెలిస్తే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్తాం. పైగా ఆ వాన అందరి మీదా ఒకేలా పడదు. 2013 క్రిస్మస్ రోజున పాటల సాహిత్యం పెట్టే ర్యాప్ జీనియస్ సైటుని గూగుల్ కిందికి తోసేసింది. తమ పాటలకి లింకులిస్తే మీ బ్లాగుని ట్విట్టర్లో ప్రచారం చేస్తామని వాళ్లు బ్లాగర్లకు ఆశ చూపించారు. బయటపడ్డాక గూగుల్‌కి బహిరంగ లేఖ రాశారు. తప్పు ఒప్పుకుంటూనే, మా పోటీదారుల లింకులు చూడండి, అవి ఇంకా అనుమానాస్పదంగా ఉన్నాయి అని పేర్లతో సహా చూపించారు. ఒప్పుకోలు, చాడీ ఒకే ఉత్తరంలో. పది రోజుల్లో మళ్లీ పైకి వచ్చేశారు. బేగం బజార్లో గిన్నెల దుకాణం పడితే దాని లేఖ ఎవరు చదువుతారు?

ఇంకో వాదన, మా వృత్తిలో కుర్రాళ్లు ఎక్కువగా చెప్పేది: గూగుల్ ఏమన్నా ధర్మరాజా, దాని నియమాలు పాటించడానికి? అది ఒక కంపెనీ, అవి ఆ కంపెనీ షరతులు. ఈ మాటలో పస ఉంది. 2018 ఫిబ్రవరిలో మన కాంపిటీషన్ కమిషన్, సెర్చ్ ఫలితాల్లో పక్షపాతం చూపిందని గూగుల్‌కి 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫిర్యాదుదారుల్లో ఒకటి చెన్నైకి చెందిన మ్యాట్రిమొనీ డాట్ కామ్. అసలు 1998 నాటి ఆ పత్రం అనుబంధంలోనే, ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ వెతికేవాళ్లకంటే ప్రకటనదారుల వైపే ఒరుగుతుందని ఆ ఇద్దరూ రాశారు! 2012 జనవరిలో అయితే గూగుల్ తన క్రోమ్ బ్రౌజరు పేజీనే అరవై రోజులు కిందికి దించుకోవాల్సి వచ్చింది. దాని ప్రచారం కోసం పెట్టుకున్నవాళ్లు డబ్బిచ్చి రాయించిన పోస్టుల్లో లింకు దొరికింది.

కాబట్టి గూగుల్‌ని మోసం చేయడం పాపమని నేను అనను. మోసపోయేది ఎవరన్నదే ప్రశ్న. సూర్యాపేట నుంచి బిడ్డ ఓణీల ఫంక్షనుకి రెండొందల కుంకుమ భరిణెలు కొందామని ఎంజీబీఎస్‌లో బస్సు దిగే ఆవిడని తీసుకోండి. మా దగ్గర కొన్నా, పక్కన కొన్నా అవే భరిణెలు. సరుకు మొరాదాబాద్‌దే, ధరలో రూపాయో రెండో తేడా. ఆవిడకి పెద్ద నష్టం జరిగిందని నేను చెప్పలేను. ఆ మాటకొస్తే ఆవిడని ఫలానా దుకాణం ముందే దింపి కమీషన్ తీసుకునే ఆటో అన్నలు కూడా ఉన్నారు. బజారంతా వాళ్లనేమీ వెలివెయ్యలేదు. ఆటోవాడికి కమీషన్ ఉంటుందని అందరికీ తెలుసు, అందుకని అతని మాటని ఆ మేరకు తగ్గించుకుని వింటారు. గూగుల్ కూడా ఇదే అంటుంది: డబ్బిచ్చి లింకు కొనుక్కో, కొన్నది అని గుర్తు పెట్టు. 2019లో అందుకోసమే 'స్పాన్సర్డ్' అనే గుర్తు తెచ్చింది. కొన్న మాటని కొన్నట్టు చెప్తే అది బోర్డు. చెప్పకపోతే ఎవరో మెచ్చుకున్నట్టు నటన. ఆ నటనకి మన కవితల బ్లాగులాంటి సొంత గొంతున్న చోట్లే కావాలి. రమ్మీ సైటు మాట ఎవరూ నమ్మరు కాబట్టి దాని లింకు చవక. నమ్మదగినది ఎక్కడుంటే అక్కడికే ఈ వ్యాపారం చీమల్లా వెళ్తుంది. నా కోపం ఇక్కడ.

(ఈ పత్రిక చదివేవాళ్లు ఈపాటికి ముందుమాటల గురించి ఆలోచిస్తూ ఉంటారు. నేనూ ఆలోచించాను. నా పుస్తకానికి నువ్వు ముందుమాట, నీ పుస్తకానికి నేను సమీక్ష, ఇద్దరికీ ఒక శాలువా. ఇది లింకుల మార్పిడి కాదా? చాలావరకు అవును. ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. చెత్త పుస్తకానికి ముందుమాట రాసినాయన పేరు ఆ పుస్తకం మీదే ఉంటుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పది రూపాయలకి దొరికినా, పేజీ తిప్పితే ఆయన సంతకం అక్కడే. నవ్వాలంటే ఎవర్ని చూసి నవ్వాలో తెలుస్తుంది.)

చివరికి సేట్‌తో రెండు మాటలు చెప్పాను. దుకాణం మీది, కొనాలా వద్దా అనేది మీరు తేల్చుకోవాలి. ఆ పని నా చేత్తో నేను చెయ్యను, కావాలంటే ఇంకొకరు దొరుకుతారు, కొంటే ఏమవుతుందో మాత్రం దాచకుండా చెప్తాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. చాయ్ చెప్పాడు. తర్వాత, "సరే, మరి వాని మీద కంప్లైంట్ ఇయ్యరాదా?" అన్నాడు.

ఇవ్వొచ్చు. గూగుల్‌లో దానికొక ఫారం ఉంది. ఎవరిచ్చారో అవతలివాళ్లకి చెప్పరు. సరిగ్గా అదే నన్ను ఆపింది. మొహం మీద చెప్పగలిగితే అది ఫిర్యాదు, చాటున మాత్రమే చెప్పగలిగితే చాడీ. ఇంకో కారణం కూడా ఉంది, ఇది వృత్తి తెలిసినవాళ్లకే తట్టేది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, దొంగ లింకులున్న సైట్లను కిందికి తొయ్యడం మొదలుపెట్టింది. వెంటనే కొత్త ఉపాయం పుట్టింది: ఆ దొంగ లింకులేవో పోటీదారుడి పేరు మీద కొనిపెడితే సరి, శిక్ష అతనికి పడుతుంది. అదే ఏడాది అక్టోబరులో, ఈ లింకులతో నాకు సంబంధం లేదని సైటు యజమాని చెప్పుకోవడానికి గూగుల్ ఒక సదుపాయం పెట్టాల్సి వచ్చింది. అంటే ఒక దుకాణానికి దొంగ లింకులున్నాయి అన్నది నిజమైనా, అవి ఆ దుకాణంవాడు కొన్నవే అనడానికి అది రుజువు కాదు. ఎవరో అతని ఇంట్లో దొంగసొత్తు పెట్టి ఉండొచ్చు. ముందు అతన్ని అడగాలి.

సేట్‌కి అడగడం కష్టం కాదు. ఆ ఇంటివాళ్ల పెళ్లిళ్లకి ఈ ఇంటివాళ్లు వెళ్తారు. మా దగ్గర లేని సైజు గంగాళం బేరమొస్తే కుర్రాణ్ణి వాళ్ల దుకాణానికే పంపి తెప్పిస్తాం, లేదా నేరుగా అక్కడికి వెళ్లమని చెప్తాం. బేగం బజార్లో ఇది కొత్త కాదు. ఒక సాయంత్రం ఆయనతో నేనూ వెళ్లాను. పక్క సేట్ ఫోను చూపిస్తే చూశాడు, కళ్లద్దాలు పైకి తోసి మళ్లీ చూశాడు.

"లింక్ అంటే ఏంది భయ్యా? నాకు తెల్వదు. నెలనెలా పైసలిస్తున్న. పైకి తెస్తమన్నరు, తెచ్చిండ్రు."

నటిస్తున్నాడని నాకు అనిపించలేదు. జేసీ పెన్నీవాళ్లు చెప్పిందీ ఇదే, వాళ్లని నేను ఇన్నాళ్లూ నమ్మలేదు. ఆయన ఏజెన్సీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల నా వయసు మనిషే. లింకులు మేము తయారుచెయ్యం సార్, ప్యాకేజీ కొంటాం, అమ్మేవాళ్లు వేరే అన్నాడు. అమ్మేవాడు డొమైన్‌ని వేలంలో కొని ఉంటాడు, చట్టప్రకారమే. వేలంవాడికి పేరు తప్ప ఏమీ తెలియదు. గూగుల్‌ని అడిగితే లెక్క వేసేది యంత్రం. ఇంతమంది చేతులు మారిన కాగితం మీద ఒక్కరి పూచీ లేదు. అబద్ధం మాత్రం మూడో పేజీ నుంచి మొదటి పేజీకి వచ్చింది. బయటికొచ్చేటప్పుడు పక్క సేట్ మా సేట్‌ని, "మీరు గూడ వాళ్లకే ఇయ్యుండ్రి, నంబర్ ఇయ్యాల్నా?" అని అడిగాడు, నిజంగా మంచి మనసుతోనే.

ఆ తర్వాత మా సేట్ లింకుల ఊసెత్తలేదు. నేను మా సైటులో ప్రతి సామానుకీ బరువు, కొలత, కనీసం ఎన్ని కొనాలి, ఇవన్నీ తెలుగులోనూ హిందీలోనూ పెట్టాను. మా దగ్గర దొరకని వాటికి ఎక్కడ దొరుకుతాయో రాసి, పెద్ద గంగాళాల దగ్గర పక్క దుకాణానికి లింకిచ్చాను. సేట్‌ని అడిగే ఇచ్చాను. "ఫ్రీగనేనా?" అని నవ్వాడు. దీంతో మేమేమీ పైకి వెళ్లలేదు. ఇది రాసేనాటికి వాళ్లు రెండు, మేము అయిదు. కొద్దిగా ఆర్డర్లు వాట్సాప్‌లో పాత బేరాల ద్వారా తిరిగొచ్చాయి. మూటలు కట్టే కుర్రాడు ఉన్నాడు. వచ్చే సీజను సంగతి చెప్పలేను.

ఫారం నింపలేదు గానీ, ఫిర్యాదు చెయ్యాల్సినవాళ్లు వేరే ఉన్నారని నాకు అనిపిస్తూనే ఉంది. ఆ పదకొండుమంది. పోయిన పూచీ వాళ్లది, వెనక్కి తీసుకునే హక్కూ వాళ్లదే. వెతికితే ఏడు బ్లాగుల్లో పాత పోస్టులున్నాయి గానీ మనిషి జాడ లేదు. నలుగురికి మెయిల్ రాశాను: మీ పక్కపట్టీలో ఉన్న ఫలానా లింకు ఇప్పుడు ఎక్కడికి వెళ్తుందో ఒకసారి నొక్కి చూడండి, తీసేస్తే మంచిదేమో అని.

ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన అదేరోజు తీసేసి, థాంక్స్ చెప్పి, నా బ్లాగు ఉందని నేనే మర్చిపోయాను అన్నారు. రెండో ఆవిడ నాలుగు రోజులకి రాశారు. లింకు నొక్కి చూశారట, చాలా బాధ కలిగిందట. ఆ స్నేహితురాలి ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయింది, ఎక్కడుందో, ఎలా ఉందో తెలియదు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. "ఆ పేరు ఇంకెక్కడా లేదండీ. నా పట్టికలో తీసేస్తే ఇక నా దగ్గర కూడా ఉండదు. ఉండనివ్వండి, ఏమీ అనుకోకండి" అని రాశారు.

ఆ లింకు వల్ల పక్క దుకాణానికి ఎంత లాభమో నేను ఆవిడకి రాయలేదు. వేబ్యాక్ మెషిన్‌లో ఆ మేకుల కవిత ఉన్న పేజీ చిరునామా మాత్రం పంపించాను.